మానసిక ఒత్తిడికి వర్చువల్ రియాలిటీ, కృత్రిమ మేధ: మన ఊరికి ఎంతవరకు?

(చందర్లపాడులో జరిగిన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఏటా మమ్మల్ని స్కాలర్‌షిప్పుల గురించో, బడి మానేసే పిల్లల గురించో మాట్లాడమనేవారు. ఈసారి మన కుర్రాళ్లు పట్టుబట్టి ఈ అంశం ఇప్పించారు. దాని వెనక ఒక ప్రతిపాదన ఉంది. మన గ్రంథాలయంలో ఒక గది ఖాళీ చేసి, రెండు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు కొని, పరీక్షల ముందు పిల్లలు, మనసు బాగోలేని పెద్దలు కాసేపు కూర్చుని తేలికపడే ఏర్పాటు చేద్దామని వాళ్ల ఆలోచన. కార్యవర్గం ఇంకా ఏమీ తేల్చలేదు. సంస్థ సొమ్ము అంటే మనందరం పైసా పైసా కూడబెట్టి ఇచ్చిన సొమ్ము. కాబట్టి అవునో కాదో ఊరికే అనేయకుండా, నాలుగు విషయాలు చదువుకుని వచ్చాం.

ముందు ఆ పెట్టె సంగతి. కళ్లకు కట్టుకునే జోడు అది. లోపల ఒక్కో కంటికి ఒక్కో చిత్రం చూపిస్తుంది. తల ఎటు తిప్పితే దృశ్యం కూడా అటే తిరుగుతుంది. టీవీ చూసేటప్పుడు మనం ఇంట్లోనే ఉన్నామని మనకు తెలుసు. ఇక్కడ మాత్రం మెదడు మోసపోయి, తాను ఆ కొండ మీదో, ఆ సముద్రం ఒడ్డునో ఉన్నాననుకుంటుంది. 2014లో గూగుల్ కంపెనీ ఫోను లోపల పెట్టుకునేలా ఒక అట్టపెట్టె తయారుచేసింది. అలాంటివి వందల రూపాయల్లో వచ్చేవి. మంచి రకం హెడ్‌సెట్ కావాలంటే పదుల వేలు పెట్టాలి.

ఇది ఉత్త ఆటబొమ్మ అనుకునేవారికి ఒక మాట. ఒళ్లు కాలినవారిని ఆసుపత్రిలో చూసినవాళ్లు ఈ సభలో ఉంటారు. కాలిన రోజు బాధ ఒక ఎత్తు, ఆ తర్వాత కట్టు విప్పి, పుండు కడిగి, మళ్లీ కట్టు కట్టేటప్పటి బాధ మరో ఎత్తు. అమెరికాలోని సియాటిల్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 1996 నుంచి దీనిమీద పనిచేశారు. కట్టు మార్చే సమయంలో రోగికి ఈ జోడు తగిలించి ఒక మంచు లోయలోకి తీసుకెళ్లారు. అక్కడ పెంగ్విన్ల మీద, మంచు బొమ్మల మీద మంచు ముద్దలు విసురుతూ ఉండాలి. దానికి స్నోవరల్డ్ అని పేరు పెట్టారు. ఆ కాసేపు నొప్పి బాగా తగ్గిందని రోగులు చెప్పారు. తర్వాత మెదడు స్కానింగ్ తీసి చూస్తే, నొప్పిని పసిగట్టే భాగాల్లో చలనం నిజంగానే తగ్గి కనిపించింది. కిటుకు ఏమిటంటే, మనిషి ధ్యాస ఒక బిందె లాంటిది. మంచు లోయతో నిండిపోతే నొప్పికి చోటు తక్కువ. పసివాడికి సూది మందు వేసేటప్పుడు మన నాయనమ్మలు, నానీమాలు "అదిగో కాకి" అని కిటికీలోంచి చూపించేవారు. ఆ కాకి ఇప్పుడు మంచు లోయ అయింది, అంతే.

భయాలకు కూడా ఇది పనికొస్తుందని 1995లోనే తేలింది. బార్బరా రోత్‌బామ్ అనే మానసిక శాస్త్రవేత్త, కంప్యూటర్ నిపుణులతో కలిసి, ఎత్తైన చోట్లంటే వణికే విద్యార్థులకు కంప్యూటర్లో అద్దాల లిఫ్టు, ఎత్తైన వంతెనలు చూపించారు. మొదట కొంచెం ఎత్తు, అది అలవాటయ్యాక ఇంకొంచెం ఎత్తు. మెల్లమెల్లగా భయం జారిపోయింది. ఇక 2021 నవంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ, దీర్ఘకాలపు నడుము నొప్పికి 8 వారాల వర్చువల్ రియాలిటీ చికిత్సను అనుమతించింది. అది కూడా డాక్టరు చీటీ రాసిస్తేనే.

ఇవన్నీ నిజాలు. మన కుర్రాళ్లు లేనిది కల్పించి చెప్పలేదు. అయితే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కట్టు మార్చడానికి ఒక మొదలు, ఒక చివర ఉన్నాయి. ఎత్తు భయానికి ఒక హద్దు ఉంది. నడుము నొప్పికి చీటీ రాసిన డాక్టరు ఉన్నాడు. ఏ బాధ తగ్గించాలో ముందే తెలుసు, పక్కన మనిషి ఉన్నాడు.

మన చందర్లపాడు మండలంలో ఒత్తిడి ఎలాంటిది? మిర్చి, పత్తి వేసే రైతు సంగతి మీకు మేము చెప్పాలా. కౌలు ముందే కట్టాలి, పురుగుమందుల కొట్లో ఖాతా, వడ్డీ. 2025 మొదట్లో మిర్చి ధర ఎలా పడిపోయిందో గుంటూరు యార్డుకు బస్తాలు వేసుకెళ్లిన వాళ్లందరికీ తెలుసు. చివరికి ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి రైతును మన గదిలో కూర్చోబెట్టి కళ్లకు జోడు తగిలిస్తే, పది నిమిషాలు హాయిగా సముద్రం చూస్తాడు. జోడు తీసేసరికి ఖాతా పుస్తకం అక్కడే ఉంటుంది. పదో నిమిషానికి పదకొండో నిమిషం ఎలా ఉంటుందన్నదే మన ప్రశ్న.

ఈ తేడాను వెయ్యేళ్ల కిందటే పట్టుకున్న ఒక ముస్లిం పండితుడున్నారు. అబూ జైద్ అల్ బల్ఖీ, క్రీ.శ. 934లో కన్నుమూశారు. ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండూ కలిపి 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' అనే గ్రంథం రాశారు. వైద్యులు ఒంటిని మాత్రమే చూసి మనసును వదిలేస్తున్నారన్నది ఆయన ఫిర్యాదు. అది ఈనాటి ఫిర్యాదు కూడా. దుఃఖం రెండు రకాలని ఆయన చెప్పారు. ఒకటి కారణం తెలిసిన దుఃఖం: అయినవాళ్లు పోవడం, ఆస్తి పోవడం. రెండోది కారణం తెలియకుండా మనిషిని ఆవరించేది, దాని మూలం ఒంట్లో ఉంటుంది కాబట్టి ఒంటికి వైద్యం కావాలి. మొదటి రకానికి మంచి మాట, ఆలోచన సర్దుబాటు మందు అన్నారు. ఇంకో ముచ్చటైన సలహా కూడా ఇచ్చారు. ఇంట్లో అత్యవసరానికి మందులు దాచుకున్నట్టే, మనసు బాగున్న రోజుల్లోనే ధైర్యం చెప్పే ఆలోచనలు కొన్ని దాచుకోవాలట.

మనసుకు చుట్టూ ఉన్న దృశ్యంతో, శబ్దంతో ఊరట ఇవ్వడం కూడా మనకు కొత్త కాదు. తుర్కియేలోని ఎడిర్నే పట్టణంలో సుల్తాన్ రెండో బాయజీద్ 1488లో పూర్తి చేయించిన వైద్యశాల ఉంది. వక్ఫ్ ఆదాయంతో నడిచేది. నడిమి గుమ్మటం కింద ఫౌంటెన్, ఆ నీటి సవ్వడి రోగుల చెవిన పడేలా గదులు. వారంలో మూడు రోజులు గాయకులు, వాద్యకారులు వచ్చి మానసిక రోగుల ముందు పాడేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబి రాశాడు. ఇప్పుడది మ్యూజియం. ఈ హెడ్‌సెట్ లోపల ఉండే జలపాతం ఆ ఫౌంటెన్‌కు మునిమనవడు లాంటిదే. కానీ ఎడిర్నేలో ఫౌంటెన్ పక్కన హకీం ఉండేవాడు, వంటవాడు ఉండేవాడు, రోగిని పలకరించే సేవకుడు ఉండేవాడు. వాళ్లందరినీ తీసేసి ఫౌంటెన్ ఒక్కటే పెడితే దాన్ని ఆసుపత్రి అనరు.

ఇప్పుడు రెండో సంగతి, కృత్రిమ మేధ. ఇది హెడ్‌సెట్‌లా కొనాల్సిన వస్తువు కాదు. కొన్నా కొనకపోయినా మన పిల్లల ఫోన్లలోకి వచ్చేసింది. రాత్రి పదకొండింటికి దుప్పటి కింద తొమ్మిదో తరగతి పిల్ల దేనితో మాట్లాడుతోందో చాలా ఇళ్లలో తెలియదు. అందుకే హెడ్‌సెట్ కంటే దీని గురించే మాకు ఎక్కువ బెంగ.

యంత్రంతో మనసు విప్పి మాట్లాడే అలవాటు 1966 నాటిది. అమెరికాలో ఎం.ఐ.టి. ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే ప్రోగ్రాం రాశాడు. మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికేమీ రాదు. అమ్మ మీద కోపంగా ఉందంటే, మీ అమ్మ గురించి ఇంకా చెప్పమంటుంది. అయినా ఆయన సొంత కార్యదర్శి దానితో రెండు మాటలు మాట్లాడి, ఆయన్ని గది బయటకు వెళ్లమన్నదట, ఏకాంతంగా మాట్లాడుకోవాలని. ఆయన బెదిరిపోయాడు. మిగిలిన జీవితమంతా యంత్రాలను అతిగా నమ్మవద్దని చెబుతూనే గడిపాడు. ఆ ఎలైజా ముందు ఇప్పటి చాట్‌బాట్లు ఏనుగులు. తెలుగులోనూ మాట్లాడతాయి, జోలపాడినట్టు మాట్లాడతాయి.

వాటికి ఒక గొప్ప గుణం ఉంది, దాచడం ఎందుకు. సిగ్గు అడ్డురాదు. మన ఇళ్లలో అమ్మాయి "నాకు బతకబుద్ధి కావడం లేదు" అంటే మొదట అడిగేది ఎవరు విన్నారని. సంబంధాలు ఏమవుతాయోనని. అబ్బాయి అంటే, మగవాడివి, ఏడుపేమిటని. ఫోనులోని యంత్రం తిట్టదు, విసుక్కోదు, పక్కింటి ఖాలాకు చెప్పదు. నందిగామ దాటి విజయవాడ వెళ్తే తప్ప మానసిక వైద్యుడు దొరకని చోట అది పోటీపడుతున్నది డాక్టరుతో కాదు, మౌనంతో. మౌనం కంటే ఏదైనా మేలే కదా అని మన కుర్రాళ్లు అడిగితే, ఆ ప్రశ్నను మేము తేలిగ్గా తీసిపారేయలేము. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి వందకు 70 నుంచి 92 మంది దాకా ఏ వైద్యమూ అందనివాళ్లే.

కానీ ఆ గొప్ప గుణమే ప్రమాదం కూడా. ఎవరికీ చెప్పదు. చెప్పాల్సిన రోజున కూడా చెప్పదు.

ఇంకో చిక్కు మన భాషది. మన ప్రాంతంలో ఎవరూ "నాకు డిప్రెషన్" అనరు. గుండె దడ అంటారు, తల బరువంటారు, ఒళ్లంతా మంటలంటారు, ఏమీ తోచట్లేదంటారు. ఇంట్లో ఉర్దూలో అయితే "దిల్ నై లగ్‌రా", "జీ ఘబ్‌రా రా" అంటారు. "నా బతుకు తెల్లారింది" అన్న మాటను మాటకు మాట అర్థం చేసుకుంటే అది శుభవార్త. "మందు" అన్న ఒక్క మాట తీసుకోండి. అమ్మ కొంగు మూటలో తెచ్చే జ్వరం బిళ్ల మందే. సాయంత్రం బెల్టు షాపులో దొరికేదీ మందే. మిర్చి తోటలో కొట్టేదీ మందే. "మందు తాగుతా" అని కొడుకు అంటే ఏ మందో తల్లికి గొంతు వినగానే తెలుస్తుంది. అక్షరాలు మాత్రమే చూసే యంత్రానికి గొంతు వణుకు లేదు, గుమ్మంలో నిలబడ్డ తీరు లేదు, అన్నం కంచం అలాగే వదిలేసిన సంగతి లేదు. రేపు అది కూడా నేర్చుకోవచ్చు. నేర్చుకున్నా సైకిల్ వేసుకుని మీ ఇంటికి రాలేదు.

పై దేశాల్లో దీని పర్యవసానాలు అప్పుడే కోర్టుకెక్కాయి. 2025 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక 16 ఏళ్ల కుర్రాడి తల్లిదండ్రులు, తమ బిడ్డ చావుకు చాట్‌బాట్ సంభాషణలు దారితీశాయని ఆరోపిస్తూ ఓపెన్‌ఏఐ కంపెనీ మీద దావా వేశారు. అదే నెలలో ఇల్లినాయ్ రాష్ట్రం, లైసెన్సు ఉన్న మనిషి చేయాల్సిన మానసిక చికిత్సను కృత్రిమ మేధ చేయకూడదని చట్టం చేసింది. 2017 నుంచి నడిచిన వోబోట్ అనే పేరున్న ఆప్‌ను 2025 జూన్ 30న దాని కంపెనీయే మూసేసింది. దానికి అలవాటుపడినవాళ్లకు రాత్రికి రాత్రి నేస్తం మాయమైనట్టే. పైగా అక్కడ టైపు చేసిన మన ఇంటి గుట్టు ఎవరి కంప్యూటర్లలో నిలవ ఉంటుందో పిల్లలు ఆలోచించరు. ఇంకో అలవాటు ఉంది వీటికి: ఏదంటే దానికి తల ఊపుతాయి. మంచి స్నేహితుడు అప్పుడప్పుడూ "నువ్వన్నది తప్పు" అంటాడు కదా.

పిల్లల సంగతికి వద్దాం. పదో తరగతి అయ్యాక మన ఊళ్ల నుంచి విజయవాడ హాస్టళ్లకు వెళ్లే పిల్లలు ఏటా ఉంటూనే ఉంటారు. ర్యాంకులను బట్టి సెక్షన్లు, వారం వారం పరీక్షలు, ఆదివారం పూట ఇంటికి ఒక ఫోను. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల విద్యార్థిని మరణంపై సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు. సహాయ ఫోను నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. ఆ తీర్పులో ఎక్కడా హెడ్‌సెట్ కొనమని లేదు, మనిషిని పెట్టమని ఉంది. మీ బిడ్డను చేర్పించేటప్పుడు ఏసీ గదులున్నాయా అని అడుగుతున్నాం. కౌన్సెలర్ పేరేమిటి, ఏ రోజు వస్తారని కూడా అడుగుదాం. అడిగే తల్లిదండ్రులు పదిమంది ఉంటే యాజమాన్యం జవాబు వెతుక్కుంటుంది.

నమాజు, జిక్ర్ ఉండగా ఇవన్నీ ఎందుకని కొందరు పెద్దలు అంటారు. నమాజులో దొరికే నెమ్మది మనందరికీ అనుభవమే, దానికి సాక్ష్యం అక్కర్లేదు. కానీ కుంగిపోయిన మనిషికి ఈమాన్ తక్కువైందని మాత్రం అనకండి. యూసుఫ్ (అ) కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ (అ) కళ్లు తెల్లబడిపోయాయి. ఆయన ప్రవక్త. హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ పోయిన ఏడాదిని దుఃఖ సంవత్సరమనే చరిత్ర పిలుస్తుంది. వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) చెప్పిన సంగతి ఆలిం సాహెబులు మాకంటే బాగా చెప్పగలరు. తావీజు కట్టించుకున్నవాళ్లతో మేము తగాదా పెట్టుకోము. డాక్టరు రాసిన మాత్ర మాత్రం మధ్యలో ఆపవద్దని చేతులెత్తి అడుగుతున్నాం.

ఇక మన ప్రతిపాదన మీద మా అభిప్రాయం. జకాత్ సొమ్ము దీనికి తాకకూడదు. దానికి ఎనిమిది పద్దులు ఖరారై ఉన్నాయి. సాధారణ నిధి నుంచి కూడా ఈ ఏడాది హెడ్‌సెట్లు వద్దనే మా సలహా. ఎవరైనా దాత సొంతంగా ఒకటి కొనిస్తే కాదనక్కర్లేదు. పిల్లలకు గుండె లోపలి గదులు, సౌర కుటుంబం చూపించడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. అయితే తయారీ కంపెనీలే చిన్నపిల్లలకు వయసు హద్దు పెట్టాయి, ఫిట్స్ ఉన్నవాళ్లను జాగ్రత్తపడమన్నాయి, కొందరికి కళ్లు తిరుగుతాయి. కాబట్టి పక్కన పెద్దవాళ్లు లేకుండా ఇవ్వకూడదు.

ఆ సొమ్ముతో చేయదగ్గ పని వేరే ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ-మానస్ అనే ఉచిత ఫోను సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగు ఎంచుకోవచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. 2025 నాటికి 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. ఆ అవతల ఉన్నది మనిషి. స్మార్ట్‌ఫోను అక్కర్లేదు, బటన్ల ఫోను చాలు. ఈ సభలో ఎంతమందికి ఈ నంబరు తెలుసో చేతులెత్తమని మేము అడగబోవడం లేదు.

సంస్థ తరపున ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు కాస్త శిక్షణ తీసుకుని, శుక్రవారం అసర్ తర్వాత గ్రంథాలయంలో కూర్చుంటే చాలు. వాళ్లు డాక్టర్లు కానక్కర్లేదు. విన్నది బయట చెప్పనివాళ్లు అయితే చాలు. నంబరు కలిపి ఇవ్వాలి, అవసరమైతే బస్సెక్కించి విజయవాడ పెద్దాసుపత్రికి తోడు వెళ్లాలి. బస్సు ఛార్జీలు సంస్థ భరించాలి. ఆ నలుగురికి రేపు ఒక మంచి తెలుగు చాట్‌బాట్ సాయం దొరికితే, ఉదాహరణకు ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఓ.పి. ఉందో చెప్పేది, సంతోషంగా వాడుకుందాం. కృత్రిమ మేధకు తగిన కుర్చీ అది.

ఇంకొకటి, తోటలో కొట్టే మందు డబ్బాలు ఇంట్లో మంచం కింద పెట్టుకోకండి. ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించిన శ్రీలంకలో 1995 తర్వాత ఆత్మహత్యలు మూడింట రెండు వంతులకు పైగా తగ్గాయి. ఎక్కువమందిలో ఆ చావు తలపు కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు చేతికందకపోతే మనిషి దక్కుతాడు. తాళం ఉన్న ఇనప పెట్టెలు మూడు నాలుగు ఇళ్లకు ఒకటి చొప్పున కొనివ్వగలమేమో కార్యవర్గం లెక్క వేయాలి. హెడ్‌సెట్‌కు అనుకున్న సొమ్ములోనే చాలా పెట్టెలు వస్తాయి.

14416 నంబరు తెలుగులో, ఉర్దూలో అచ్చువేయించిన కాగితాలు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాం. వెళ్లేటప్పుడు తలా రెండు తీసుకోండి. ఒకటి మీ ఇంటి తలుపు లోపలి వైపు అంటించండి, రెండోది మీరు ఖాతా పెట్టిన పురుగుమందుల కొట్టు గోడ మీద. కొట్టు యజమాని ఒప్పుకోకపోతే మాకు చెప్పండి, మేము వచ్చి మాట్లాడతాం. శుక్రవారం కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు జొహర్ నమాజు అయ్యాక కార్యదర్శి గారి దగ్గర పేరు రాయించండి. ఆడవాళ్ల పేర్లు రాసుకోవడానికి తెర అవతల ఒక పుస్తకం పెట్టించాం.